ఒక లోకానికి ఒకటే గుడ్డు

అమెరికా వెళ్లొచ్చిన అమ్మమ్మలందరూ నయాగరా గురించి చెబుతారు. నేనూ చూశాను. నీలం రంగు ప్లాస్టిక్ కోటు తొడుక్కుని పడవెక్కి, తలదాకా తడిసి, ఫొటోలు దిగి వచ్చాను. అంతకు మించి చెప్పడానికి నా దగ్గర కొత్త మాటేమీ లేదు. ఆ ఆరు నెలల్లో నేను వేళ్లు నొప్పెట్టేదాకా తిరిగిన చోటు ఇంకొకటి ఉంది. దానికి వీసా అక్కర్లేదు. పేరు మైన్‌క్రాఫ్ట్.

డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా అమ్మాయి వాళ్ల ఇల్లు. చుట్టూ తెలుగువాళ్లే. హనుమంతుడి గుడి ఉంది, ఆవకాయ దొరుకుతుంది. కానీ కారు నడపడం రానివాళ్లకు గుమ్మం దాటాక ఎటూ దారి లేదు. కూతురూ అల్లుడూ ఆఫీసుకు, మనవడు బడికి. వాడు మూడింటికి వచ్చేదాకా నాకు గోడ గడియారమే తోడు. జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై రెండేళ్లు లెక్కలు చెప్పినదాన్ని. నిమిషాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం అంత కష్టం ఇంకోటి లేదని అక్కడ తెలిసింది.

ఒకరోజు వాడే వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మమ్మా, నా మ్యూజియం చూపిస్తా రా."

తలకాయల గది

తెర మీద పొడుగాటి రాతి హాలు. ఎదురుగోడకు మూడు తలకాయలు. ఒకటి జాంబీది, ఒకటి అస్థిపంజరానిది, మూడోది క్రీపర్ అనే పచ్చటి పేలుడు జంతువుది. పక్కగోడకు ఫ్రేముల్లో రంగురంగుల పాటల రికార్డులు. కింద కర్ర బొమ్మలకు తొడిగిన వజ్రాల కవచాలు. మెట్లు మెట్లుగా పేర్చిన తీరు చూస్తే సంక్రాంతి బొమ్మల కొలువే గుర్తొచ్చింది. ఆ మాటే అన్నాను. "అవునా, కొలువులో జాంబీ తల పెడతారా?" అని అడిగాడు వాడు.

ఆ ఆట సంగతి తెలియనివాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ 2009లో దీన్ని జనంలోకి వదిలాడు. 2014లో మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. లోకమంతా ఘనాలే. మీటరు పొడుగు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు. మట్టి ఘనం, నీళ్లు ఘనం, ఆవు కూడా ఘనాల కూర్పే. ఈ చివర నుంచి ఆ చివరకు 6 కోట్ల బ్లాకుల దూరం. పగలూ రాత్రీ కలిపి 20 నిమిషాలు. గెలవాలన్న నియమం లేదు. తవ్వుకోవచ్చు, కట్టుకోవచ్చు, దాచుకోవచ్చు. 2013లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం ఈ ఆటనే తన సేకరణలోకి తీసుకుంది. అంటే మా వాడి మ్యూజియం ఉన్న లోకమే ఇంకో మ్యూజియంలో వస్తువన్నమాట.

గోడ మీది తలలు కత్తితో నరికితే వచ్చేవి కావు. ముందు ఉరుముల వాన కురవాలి. పిడుగు పడి క్రీపర్ నీలంగా మెరవాలి. అలా మెరిసే క్రీపర్ పేలినప్పుడు దాని పక్కన జాంబీ ఉంటే జాంబీ తల రాలుతుంది. ఒక పేలుడుకు ఒక్క తలే. రికార్డుల కథ ఇంకా విడ్డూరం. అస్థిపంజరం మన మీదికి వేసిన బాణం గురితప్పి క్రీపర్‌కు తగిలి, అది ఆ దెబ్బకే చస్తే రికార్డు పడుతుంది. అంటే ఇద్దరు శత్రువుల మధ్య నిలబడి, ఒకడి చేత ఇంకొకణ్ణి చంపించాలి. ఆ పాత రికార్డుల్లో సంగీతం డేనియల్ రోజెన్‌ఫెల్డ్ అనే జర్మన్ యువకుడిది. 'పిగ్‌స్టెప్' అనే ఇంకో రికార్డు లీనా రెయిన్ చేసింది. అది కింది లోకంలో పందిమూతి మనుషుల కోటల్లోని పెట్టెల్లో తప్ప ఎక్కడా దొరకదు.

ఇవన్నీ వాడు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. నేను ఒక్క ప్రశ్న వేశాను. "ఈ జాంబీ తల ఎక్కడ దొరికింది నాన్నా? ఎప్పుడు?"

వాడు తెర వైపు చూశాడు. తల వైపు చూశాడు. "గుర్తులేదు అమ్మమ్మా."

మా రాజమండ్రి ఇంట్లో ఒక అద్దాల బీరువా ఉంది. కాశీ నుంచి తెచ్చిన సీలు వేసిన గంగ చెంబు, రామేశ్వరం శంఖం, కొండపల్లి అంబారీ ఏనుగు అందులో ఉంటాయి. ప్రతిదాని అడుగునా చీటీ అంటించి ఉంటుంది. ఊరు, తేదీ, వెంట ఎవరున్నారో. మా అత్తగారు నేర్పిన అలవాటు. ఆవిడ పోయి ఇరవై ఏళ్లయినా ఆ చెంబు ఎవరితో వెళ్లి తెచ్చిందో నేను చెప్పగలను. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి మజిలీ మజిలీకీ రాసిపెట్టబట్టే కదా ఆ దారి మనదాకా వచ్చింది! ఆటలో వస్తువుకు ఆ మాత్రం జ్ఞాపకం కూడా ఉండదు. ఇవాళ దొరికిన తల పక్కన ఏడాది క్రితం తల పెడితే ఏది ఏదో పోల్చుకోలేం.

"ఇకమీదట చీటీ లేకుండా ఏదీ గోడెక్కడానికి వీల్లేదు," అన్నాను టీచరు గొంతుతో.

"అయితే నువ్వూ రా. నువ్వే రాయి," అన్నాడు వాడు. అల్లుడు పాత లాప్‌టాప్ ఒకటి సిద్ధం చేశాడు. నేను రెండొందల పేజీల నోటుపుస్తకం తీశాను.

అరవై ఒకటో గీత

వాడికి కావలసినవి మూడు. విదర్ స్కెలిటన్ తల, డ్రాగన్ గుడ్డు, డ్రాగన్ తల. మొదటిది నెదర్ అనే కింది లోకంలో దొరుకుతుంది. నల్లరాయి చట్రం కట్టి నిప్పు ముట్టిస్తే ఊదారంగు తలుపు తెరుచుకుంటుంది. అవతల అంతా ఎరుపు. కింద లావా సముద్రం, పైన ఆకాశం బదులు రాతికప్పు. నీళ్లు పోస్తే ఆవిరైపోతాయి. మంచం వేసి పడుకుంటే పేలిపోతుంది. అక్కడ ఒక అడుగు వేస్తే పైలోకంలో ఎనిమిది అడుగుల దూరం వెళ్లినట్టు. మే నెల రోహిణిలో రాజమండ్రి మెయిన్ రోడ్డు మీద నడిచినదాన్ని. వేడికి జంకలేదు, లావాలో పడి మాత్రం మొదటి సాయంత్రమే రెండుసార్లు చచ్చాను.

అక్కడి కోటల నడవాల్లో విదర్ స్కెలిటన్లు అనే నల్లటి అస్థిపంజరాలు కత్తులు పట్టుకుని తిరుగుతుంటాయి. ఒక్కోదాన్ని చంపితే తల పడే అవకాశం నూటికి రెండున్నర. "అంటే నలభైకి ఒకటి. నలభై చంపితే వచ్చేస్తుంది కదా!" అన్నాడు వాడు. నా ఉద్యోగం మళ్లీ మొదలైంది. ప్రతిసారీ రాకుండా పోయే అవకాశం 0.975. దాన్ని నలభైసార్లు హెచ్చవేస్తే 0.36. నలభై చంపిన వందమందిలో ముప్ఫై ఆరుగురు ఉత్త చేతులతోనే తిరుగుతారని నోటుపుస్తకంలో వేసి చూపించాను. వాడి మొహం వాడిపోయింది. "నలభై ఒకటోదానికి కూడా అదే రెండున్నరా?" "అదే. అస్థిపంజరానికి నీ లెక్క గుర్తుండదు."

వాడు కొడుతుంటే నేను గీతలు గీశాను. నాలుగు నిలువు గీతలు, మీద ఒక అడ్డగీత. పన్నెండు కట్టలు నిండాయి. అరవై ఒకటోదానికి నల్లటి తల ఒకటి నేలమీద గిర్రున తిరుగుతూ కనిపించింది. వాడు కుర్చీలోంచి గెంతాడు. మా అమ్మాయి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "అమ్మా, నువ్వు కూడానా!" అని తల పట్టుకుంది.

ఆటలో చెక్కపలక మీద నాలుగు వరుసలు రాసుకోవచ్చు. మా వాడికి తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాశాడు. విదర్ తల. నెదర్ కోట. అరవై ఒకటోది. 2024 జనవరి 27. ఆ హాలులో మొదటి చీటీ అదే.

రెండు గీతలు కలిసే చోటు

డ్రాగన్ ఉండే లోకం పేరు ఎండ్. దానికి వాకిలి భూమి లోపల ఒక పాడుబడ్డ కోటలో ఉంటుంది. అలాంటి కోటలు లోకం మొత్తం మీద 128. మొదటి మూడూ మధ్యబిందువుకు 1,280 నుంచి 2,816 బ్లాకుల దూరంలో ఉంటాయి. దారి చూపేది ఎండర్ కన్ను. గాల్లోకి విసిరితే కోట ఉన్న దిక్కుకు కాస్త దూరం ఎగిరి ఆగుతుంది. అయిదింట ఒకసారి పగిలిపోతుంది. వాడి పద్ధతి ఏమిటంటే నడవడం, విసరడం, మళ్లీ నడవడం, మళ్లీ విసరడం.

"ఆగు," అన్నాను. ఎఫ్‌3 మీట నొక్కితే మనం ఎక్కడున్నామో అంకెల్లో కనిపిస్తుంది. ఇంటి దగ్గర ఒక కన్ను విసిరించి దిక్కు రాసుకున్నాను. పక్కకు 300 అడుగులు నడిపించి ఇంకోటి విసిరించాను. గ్రాఫు కాగితం మీద రెండు గీతలు గీశాను. రెండూ కలిసిన చోటే కోట. ఒక్క చిక్కు వచ్చింది. అక్కడ వై అంటే ఎత్తు. నేలమీది లెక్క ఎక్స్, జెడ్‌లలో ఉంటుంది. పైగా జెడ్ పెరిగితే దక్షిణం. కాగితాన్ని తలకిందులు చేసుకోవాల్సి వచ్చింది. ఈశాన్యంగా 1,660 బ్లాకులని తేలింది. "ఇది స్కూల్లో చెప్పేదే కదా?" అని వాడు నన్ను అనుమానంగా చూశాడు.

తిన్నగా నడిస్తే ఏడు నిమిషాలు కూడా పట్టని దూరం. మాకు రెండు సాయంత్రాలు పట్టింది. తప్పు నాదే. చదరపు సూర్యుడు చదరంగానే కొండల వెనక్కు దిగుతుంటే నిలబడిపోయేదాన్ని. గులాబి రంగు చెర్రీ తోపులో పూలరేకులు రాలుతుంటే కదలబుద్ధి కాలేదు. ఒక పల్లెలో పెద్ద ముక్కుల మనుషులు చీకటి పడగానే తలుపులేసుకుంటున్నారు. ఒక చెరువును పడవలో దాటాం. తెడ్డు నేనే వేశాను. గోదావరి ఒడ్డున పుట్టి అరవై మూడేళ్లలో తెడ్డు పట్టింది అక్కడే.

"అమ్మమ్మా, నీకంటే నెమ్మదిగా వెళ్లినవాడు ఒకడున్నాడు," అన్నాడు వాడు. పాత రూపంలో ఈ ఆటకు ఒక అంచు ఉండేది. మధ్యబిందువు నుంచి 1 కోటి 25 లక్షల బ్లాకులు దాటాక లెక్కలు తప్పి నేల చీలికలు చీలికలుగా నిలబడేది. ఆ అంచును ఫార్ ల్యాండ్స్ అన్నారు. కర్ట్ జె. మాక్ అనే అమెరికన్ 2011 మార్చిలో పడమటివైపు నడక మొదలుపెట్టి, ఏళ్ల తరబడి నడుస్తూ, ఆ నడక పేరిట పిల్లల సేవాసంస్థకు చందాలు పోగుచేశాడు. కొత్త రూపంలో ఆ అంచును సరిచేసేశారు. ఆయన పాత రూపంలోనే నడిచాడు. ఎవరో తెలియకపోయినా ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

గుమ్మడికాయ తలకెత్తుకుని

కాశీకి వెళ్తే ఇష్టమైనదేదో వదిలి రావాలంటారు. మా అత్తగారు వంకాయ వదిలేశారు, నేను జామపండు. అదే మా వాడితో చెప్పాను. ఎండ్‌లో నేల అంచు దాటితే కింద శూన్యం. అందులో పడ్డవాళ్లు తమ మంచం మీద మళ్లీ లేస్తారు గానీ చేతిలో ఉన్నవి ఇక రావు. "పోతే ఏడ్చేవి ఇంట్లో పెట్టి రా." వాడు ఆలోచించి, పేరు చెక్కుకున్న కత్తిని పెట్టెలో దాచి, మామూలు కత్తి పట్టుకున్నాడు.

కోటలోని వాకిలికి పన్నెండు గూళ్లు. ఒక దాంట్లో కన్ను ముందే ఉంది, మిగతా పదకొండూ మేం పెట్టాం. నల్లటి నీడ తెరుచుకుంది.

అక్కడ పగలూ రాత్రీ లేవు. పాలిపోయిన పసుపు రాయి, పది నల్లటి స్తంభాలు, నిండా పొడుగు కాళ్ల ఎండర్‌మ్యాన్‌లు. కళ్లలోకి చూస్తే మీద పడతారు. చూపు తగలకుండా చెక్కిన గుమ్మడికాయ నెత్తిన పెట్టుకోమన్నాడు వాడు. మనం దిష్టికి గుమ్మానికి కట్టేదాన్ని అక్కడ తలకెత్తుకున్నాను. ఫలితం మాత్రం ఒకటే, నా వైపు ఒక్కడూ రాలేదు. స్తంభాల మీది స్ఫటికాలు డ్రాగన్ గాయాలు మాన్పుతుంటాయి. ముందు వాటిని పగలగొట్టాలి. రెండు నేను కొట్టాను. ఎనిమిది వాడు. నేను నాలుగుసార్లు చచ్చి, నాలుగుసార్లూ వాకిలి పక్కనే వేసుకున్న మంచం మీంచి లేచి వచ్చాను. చివరికి డ్రాగన్ గాల్లోనే వెలుగు చీలికలై పోయింది. నడిమి రాతికంబం కొసన గుడ్డు మిగిలింది. నలుపు మీద ఊదా మచ్చలు.

డ్రాగన్‌ను మళ్లీ పిలవవచ్చు, మళ్లీ చంపవచ్చు. గుడ్డు మాత్రం మళ్లీ రాదు. ఒక లోకానికి ఒకటే. దాని నుంచి పిల్ల రాదు, అది పగలదు. తినడానికి పనికిరాదు, దానితో ఏ వస్తువూ చేయలేం. అన్నిటికీ ఏదో ఒక ఉపయోగం ఉన్న ఆ ఆటలో దీన్ని చూసుకోవడం తప్ప చేయగలిగిందేమీ లేదు.

వాడు చెయ్యి వేశాడు. గుడ్డు మాయమైంది! నా గుండె ఆగినంత పనైంది. వాడు నవ్వాడు. ముట్టుకుంటే అటో ఇటో గెంతుతుందట. తొమ్మిది అడుగుల అవతల పసుపు రాయి మీద దొరికింది. ఇక ముట్టుకోకుండా పట్టాలి. గుడ్డు కింది రాయిని అలాగే ఉంచి, దాని కింద గొయ్యి తవ్వి, అందులో కాగడా నిలబెట్టి, అప్పుడు గుడ్డు కింది రాయిని లాగేశాడు. కాగడా మీద పడ్డ గుడ్డు చేతికందే వస్తువైంది. పదేళ్లవాడు ఊపిరి బిగబట్టి ఒక పని అంత జాగ్రత్తగా చేయడం అప్పుడే చూశాను.

ఓడ కొమ్ము

డ్రాగన్ పోయాక గాల్లో చిన్న ద్వారం తెరుచుకుంటుంది. అందులోకి ఎండర్ ముత్యం విసిరితే సుమారు వెయ్యి బ్లాకుల అవతలి దీవుల్లో తేలతాం. మా గుడ్డు ముందే ఇల్లు చేరింది. రెండు రోజుల వెతుకులాట తర్వాత ఊదారంగు బురుజుల నగరం, దాని పక్కన గాల్లో ఆగిన ఓడ కనిపించాయి. ప్రతి నగరానికీ ఓడ ఉండదు. ఓడ అడుగు గదిలో ఎలిట్రా అనే రెక్కల జత గోడకు ఫ్రేములో పెట్టి ఉంది. ఇంత దూరాన, మనిషి లేని చోట, ఆట తానే ఒక చిన్న ప్రదర్శన పెట్టుకుంది! దానికీ చీటీ లేదని నేను గమనించాను.

రెక్కలు వాడు తీసుకున్నాడు. ఓడ కొమ్మున ఉన్న డ్రాగన్ తల ఊడదీసి నాకిచ్చాడు. "ఇది నువ్వు పట్టుకో అమ్మమ్మా. నువ్వే గోడకు పెట్టాలి." ఆ తలకు రెడ్‌స్టోన్ మీట తగిలిస్తే నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. హాలు గుమ్మానికి ఎదురుగా పెడదామని అప్పటికే అనుకున్నాం.

అక్కడి కాపలావాడు షల్కర్. పెట్టెలా మూసుకుని గోడకు అతుక్కుని ఉంటాడు. వాడు వదిలిన తూటా వంకరలు తిరుగుతూ వెంటబడి తగిలింది. తగిలితే పది క్షణాలు గాల్లోకి తేలిపోతాం. తేలుతూ కంగారులో ఏ మీట నొక్కానో, ఓడ అంచు దాటాను. పది క్షణాలు అయిపోయాయి. కింద నేల లేదు.

మంచం మీద లేచేసరికి నా చేతులు ఖాళీ. పక్క కుర్చీ వైపు చూసే ధైర్యం లేకపోయింది. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నా నోటుపుస్తకం తన వైపు లాక్కున్నాడు. "ఎక్కడ పడ్డావో రాశావా?"

రాశాను. పడేముందు చూసిన అంకెలు గుర్తున్నాయి.

కొలువు

చివరి వారమంతా హాలు సర్దడంతోనే సరిపోయింది. ముందు దీపాలు పెట్టాం. అక్కడ పూర్తి చీకటి మూల మిగిల్తే మ్యూజియంలోనే జాంబీ పుడుతుంది. గుడ్డును రాతిపీట మీద పెట్టి నాలుగు వైపులా, పైనా అద్దాలు బిగించాం. ఎవరైనా పొరపాటున చెయ్యి వేస్తే గెంతి పోతుందని. నిజం మ్యూజియాల్లో ముట్టుకోవద్దని బోర్డు పెడతారు. ఇక్కడ ఆ బోర్డుకు నిజమైన కారణం ఉంది. పాత తలలకు చీటీలు రాద్దామని కూర్చుంటే, వాడికి నిజంగా గుర్తున్నది ఒక్కటే తేలింది. మిగతా రెంటికి 'తెలియదు' అనే రాయించాను. ఊహించి రాయకూడదన్నాను.

గుమ్మానికి ఎదురుగా తల పెట్టాల్సిన చోట గోడ బోసిగా ఉంది. వాడి స్నేహితుడు ఒకడు చూసి, క్రియేటివ్ పద్ధతిలోకి మారితే డ్రాగన్ తల క్షణంలో వస్తుందని చెప్పాడు. నిజమే. గుడ్డు కూడా వస్తుంది. పక్కపక్కన పెడితే మీరూ నేనూ తేడా చెప్పలేం. వాడు ఒప్పుకోలేదు, వాదించనూ లేదు. బోసి గోడకు ఖాళీ ఫ్రేము ఒకటి కొట్టి, కింద పలక పెట్టి, నాలుగు వరుసలు రాశాడు. డ్రాగన్ తల. ఎండ్ ఓడ. అమ్మమ్మ చేతిలోంచి పడింది. 2024 మార్చి 9. పక్కనే రెండో పలక మీద అంకెలు రాశాడు.

ఏప్రిల్‌లో రాజమండ్రి వచ్చేశాను. వేసవి సెలవుల్లో వాడికి ఇంకో ఓడ దొరికిందట. రెండో డ్రాగన్ తలను పక్కగోడకు పెట్టి, దానికీ చీటీ రాశాడు. ఖాళీ ఫ్రేము ఉన్నచోటే ఉంది.

ఆ లోకంలోంచి ఇంటికి తెచ్చుకోవడానికి చెంబూ లేదు, శంఖమూ లేదు. నోటుపుస్తకాన్నే అద్దాల బీరువాలో గంగ చెంబు పక్కన పెట్టాను. దాని అడుగున చీటీ అంటించాను: ఫ్రిస్కో, 2024 జనవరి నుంచి మార్చి వరకు, వెంట మనవడు.